రెండు ఆసుపత్రుల మధ్య దారి

"ఇక్కడ కుదరదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి." తెలుగు జిల్లాల్లో ఈ మాట వినని కుటుంబం అరుదు. నొప్పులు పడుతున్న గర్భిణి కావచ్చు, పాము కరిచిన రైతు కావచ్చు, ఉన్నట్టుండి మాట పడిపోయిన పెద్దాయన కావచ్చు. డాక్టరు చీటీ రాసిస్తారు. రిజిస్టర్‌లో 'రిఫర్' అని పడుతుంది. అంతటితో ఆ రోగి ఆ ఆసుపత్రి లెక్కలోంచి బయటికి వెళ్లిపోయినట్టే. పెద్దాసుపత్రిలో కేస్ షీటు రాసేదాకా మరో ఆసుపత్రి లెక్కలోకీ రారు. ఈ మధ్యకాలం గంట కావచ్చు, ఆరు గంటలు కావచ్చు. కాన్పు తర్వాత అదుపు తప్పిన రక్తస్రావం కొద్ది గంటల్లోనే ప్రాణం తీయగలదు కాబట్టి, చాలామందికి చావుబతుకులు తేలేది సరిగ్గా ఈ వ్యవధిలోనే.

మన ప్రభుత్వ వైద్య వ్యవస్థ పడకలను లెక్కపెడుతుంది, డాక్టరు పోస్టులను లెక్కపెడుతుంది, మందుల నిల్వలను లెక్కపెడుతుంది. దారిని లెక్కపెట్టడం మాత్రం ఇంకా సరిగా మొదలుకాలేదు. దానికి పనికొచ్చే గణితం మన చేతిలో ఉంది. పేరు నెట్‌వర్క్ విశ్లేషణ.

రాసుకున్న పటం, రోగులు నడిచిన పటం

కాగితం మీద మన వైద్య వ్యవస్థ మెట్లమెట్లుగా ఉంటుంది. ఈ ఆలోచనకు మూలం 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక. ఇప్పటి ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 5 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, 30 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1 లక్షా 20 వేలకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో ఈ సంఖ్యలు 3 వేలు, 20 వేలు, 80 వేలు. వీటి పైన ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి. రోగి కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కుతూ పైకి వెళ్లాలి, నయమయ్యాక అదే దారిలో కిందికి రావాలి.

రోగులు నిజంగా ఇలాగే నడుస్తున్నారా? తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ప్రతి ఆసుపత్రికీ కాగితం మీద ఒక చుక్క పెట్టండి. ఒక చుక్క నుంచి మరో చుక్కకు రోగి వెళితే బాణం గీయండి. వెళ్లినవారి సంఖ్య పెరిగేకొద్దీ బాణాన్ని మందంగా గీయండి. గణితంలో ఈ చుక్కను నోడ్ అని, బాణాన్ని ఎడ్జ్ అని అంటారు. నెట్‌వర్క్ విశ్లేషణ మొత్తం ఈ రెంటి మీదే నిలబడి ఉంది.

ఒక ఊహా జిల్లాను తీసుకుందాం. ఇందులో అంకెలు విషయం తేటపడడానికి వేసుకున్నవే. ఒక నెలలో నాలుగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కలిసి 200 మంది గర్భిణులను పై ఆసుపత్రికి పంపాయి. నిబంధన ప్రకారం అందరూ ముందు సామాజిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. బాణాలు గీసి చూస్తే అక్కడికి వెళ్లింది 50 మందే. 120 మంది నేరుగా జిల్లా ఆసుపత్రికి వెళ్లారు, 30 మంది ప్రైవేటు నర్సింగ్ హోముల్లో చేరారు. సామాజిక కేంద్రానికి వెళ్లిన 50 మందిలోనూ 35 మందిని అక్కడివాళ్లు మళ్లీ జిల్లా ఆసుపత్రికే పంపేశారు.

పడకల లెక్క ఒక్కటే చూసే అధికారికి సామాజిక కేంద్రం ఖాళీగా కనిపిస్తుంది. జనం రాని చోట డాక్టర్లెందుకు, రద్దీ ఉన్నచోటికి డెప్యుటేషన్ మీద పంపుదాం అనుకుంటారు. బాణాలు చూసినవారికి మాత్రం ఒక ప్రశ్న పుడుతుంది. వచ్చిన 50 మందిలో 35 మందిని ఎందుకు పంపేశారు? ఆరా తీస్తే గైనకాలజిస్టు ఉన్నారు, ఆపరేషన్ థియేటర్ ఉంది, మత్తు డాక్టరు పోస్టు మాత్రం ఖాళీ. సిజేరియన్ అవసరమైతే చేయలేరు. ఈ సంగతి ఊళ్లలో తెలిసిపోయింది. ఆశా కార్యకర్తలు గర్భిణులను అక్కడికి తీసుకెళ్లడం మానేశారు. నేరుగా జిల్లా ఆసుపత్రికి వెళ్లిన ఆ 120 మంది నిబంధన తెలియనివాళ్లు కారు. తోటివాళ్లకు జరిగింది చూసి, రెండుసార్లు బండి ఎక్కే బాధ తప్పించుకున్నవాళ్లు.

ఒకే ఖాళీ పడకకు రెండు చికిత్సలు ఉన్నాయన్నమాట. ఉన్న డాక్టర్లను తీసేస్తే అక్కడ జరుగుతున్న 15 కాన్పులూ ఆగిపోతాయి. ఒక్క మత్తు డాక్టరును వేస్తే జిల్లా ఆసుపత్రి కాన్పుల వార్డు మీద భారం తగ్గడం మొదలవుతుంది. ఏది సరైనదో పడకల పట్టిక చెప్పలేదు, బాణాల పటం చెబుతుంది.

ఏ చుక్క పోతే ఎన్ని దారులు తెగుతాయి?

పటం గీశాక ప్రతి చుక్కనూ కొలవవచ్చు. ఎన్ని చోట్ల నుంచి రోగులు వస్తున్నారన్నది మొదటి కొలత. దీన్నిబట్టి జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి పెద్దవని తేలుతుంది, అది అందరికీ తెలిసిందే. ఇంకాస్త లోతైన కొలతను 1977లో సామాజిక శాస్త్రవేత్త లింటన్ ఫ్రీమన్ ప్రతిపాదించాడు. దాన్ని బిట్వీన్‌నెస్ అంటారు. పటంలో ప్రతి రెండు చుక్కల మధ్యా అతి దగ్గరి దారి వెతకాలి. ఆ దారుల్లో ఎన్ని ఫలానా చుక్క గుండా పోతున్నాయో చూడాలి. ఎక్కువ దారులు తన గుండా పోయే చుక్కకు ఎక్కువ విలువ.

పడకలు తక్కువే ఉన్నా ఈ కొలతలో పైకి వచ్చే ఆసుపత్రులు ఉంటాయి. ఘాటు రోడ్డు దిగగానే ఉండే చిన్న ఏరియా ఆసుపత్రిని ఊహించండి. కొండ మీద ఊళ్ల నుంచి కిందికి వచ్చే రోగులందరికీ అదే మొదటి మజిలీ. అక్కడ రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ పాడైతే దెబ్బ ఆ ఒక్క ఆసుపత్రితో ఆగదు. దాని వెనకున్న ఊళ్లన్నిటికీ రక్తం అందే చోటు మరో రెండు గంటల దూరం జరిగిపోతుంది. మరమ్మతు ముందు ఎక్కడ చేయాలి, ఖాళీ పోస్టు ముందు ఎక్కడ నింపాలి అన్న ప్రశ్నలకు ఆసుపత్రి సైజు సరైన జవాబు ఇవ్వదు. అది ఏ దారుల మీద కూర్చుందో చూడాలి.

లండన్, మాంచెస్టర్: ఒకే సంస్కరణ, రెండు ఫలితాలు

బాణాలు మార్చితే ప్రాణాలు నిలుస్తాయా? దీనికి బలమైన రుజువు ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో దొరుకుతుంది.

మెదడుకు రక్తం అందక పక్షవాతం వచ్చినప్పుడు ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక అంచనా వెలువడింది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదిమందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి ముందు స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. ఇదంతా రాత్రీ పగలూ చేయగల బృందం ప్రతి ఆసుపత్రిలో ఉండదు.

లండన్‌లో అంతకుముందు పక్షవాతం రోగులు సుమారు 30 ఆసుపత్రులకు చెదిరిపోయి వెళ్లేవారు. 2010లో అక్కడ 8 ఆసుపత్రుల్లో 24 గంటలూ పనిచేసే అత్యవసర పక్షవాత విభాగాలు ఏర్పాటు చేశారు. పక్షవాతమని అనుమానం ఉన్న ప్రతి రోగినీ అంబులెన్సు ఈ ఎనిమిదింటిలో ఒకదానికే తీసుకెళ్లాలని నియమం పెట్టారు. దారిలో దగ్గరి ఆసుపత్రి తగిలినా ఆగకూడదు. గ్రేటర్ మాంచెస్టర్‌లోనూ అదే కాలంలో ఇలాంటి మార్పే చేసి మూడు ప్రత్యేక విభాగాలు పెట్టారు. అయితే అక్కడ ఒక షరతు ఉంది. లక్షణాలు మొదలై నాలుగు గంటలు దాటని రోగులను మాత్రమే వాటికి తీసుకెళ్లాలి. మిగిలినవారు తమ దగ్గరి ఆసుపత్రికే వెళతారు.

2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఫలితాలను ప్రచురించింది. రెండు నగరాల్లోనూ రోగులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. మరణాల దగ్గరికి వచ్చేసరికి తేడా కనిపించింది. ఇంగ్లండ్‌లో మిగతా చోట్ల జరుగుతున్న తగ్గుదలను మినహాయించి చూసినా, లండన్‌లో 21 నెలల కాలంలో 90 రోజుల్లోపు మరణాలు సుమారు 168 తగ్గాయి. మాంచెస్టర్‌లో అలాంటి అదనపు తగ్గుదల తేలలేదు. కారణం బాణాల్లో ఉంది. లండన్‌లో 93 శాతం రోగులు ప్రత్యేక విభాగానికి చేరారు, మాంచెస్టర్‌లో 39 శాతమే చేరారు. నాలుగు గంటల షరతు కాగితం మీద చిన్నది. అంబులెన్సులో కూర్చున్న సిబ్బందికి మాత్రం అది ప్రతి రోగి దగ్గరా ఒక సందేహం. ఎప్పుడు మొదలైందో రోగి చెప్పలేడు, ఇంట్లోవాళ్లు గడియారం చూసుకోలేదు. సందేహం ఉన్నచోట బండి దగ్గరి ఆసుపత్రికే తిరుగుతుంది.

2015లో మాంచెస్టర్ ఆ షరతు తీసేసింది. ప్రత్యేక విభాగానికి చేరేవారు 86 శాతానికి పెరిగారు. అక్కడ చికిత్స పొందినవారిలో 90 రోజుల మరణాల రేటు తగ్గింది. అవే విభాగాలు పని చేస్తూ ఉండగా, వాటికి చేరే దారి నియమం మార్చడం ప్రాణాలు నిలిపింది.

ఇక మన దగ్గరికి వస్తే, 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. ఆ వాహనం సైరన్ మన ఊళ్లలో ధైర్యాన్నిచ్చే శబ్దం. ఎంత త్వరగా వచ్చిందన్న దానితో పాటు ఎక్కడికి తీసుకెళ్లిందన్నదీ అంతే కీలకమని లండన్ అనుభవం చెబుతోంది. మత్తు డాక్టరు లేని ఆసుపత్రికి పది నిమిషాల్లో చేర్చడం కంటే, ఉన్న ఆసుపత్రికి ముప్పై నిమిషాల్లో చేర్చడం కాన్పు కష్టమైన తల్లికి మేలు. ఈ రాత్రి ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు ఉన్నారో బండిలో ఉన్నవారికి తెలిస్తేనే ఆ నిర్ణయం సాధ్యం.

తిరుగుదారి

రిఫర్ అంటే మన మనసులో పైకి వెళ్లే బాణమే మెదులుతుంది. పెద్దాసుపత్రుల కిక్కిరిసిన వార్డులకు అసలు మందు చాలాసార్లు కిందికి వచ్చే బాణంలో ఉంటుంది.

1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక చిన్న సూత్రం దీన్ని తేల్చిచెబుతుంది. ఒక వార్డులో సగటున ఎంతమంది ఉంటారో కావాలంటే, రోజుకు చేరేవారి సంఖ్యను ఒక్కొక్కరు ఉండే రోజులతో గుణిస్తే చాలు. రోజుకు 20 మంది చేరి, సగటున ఆరు రోజులు ఉంటే వార్డులో 120 మంది ఉంటారు. అదే ఐదు రోజులైతే 100 మంది. ఒక్క రోజు తగ్గితే 20 పడకలు చేతికి వస్తాయి, ఒక్క ఇటుక పేర్చకుండా.

ఆ ఒక్క రోజు ఎందుకు పెరుగుతోంది? ప్రాణాపాయం తప్పి, రోజూ కట్టు మార్చుకుంటే సరిపోయే స్థితిలో ఉన్న రోగిని ఇంటికి పంపడానికి డాక్టరు జంకుతారు. ఊళ్లో కట్టు మార్చేవారు ఉన్నారో లేదో ఆయనకు తెలియదు. రోగి కూడా వెళ్లనంటారు, మళ్లీ తేడా వస్తే ఈ మంచం దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లోనూ ఇదే జరుగుతోంది. నయమైన వృద్ధులకు ఇంటి దగ్గర సంరక్షణ ఏర్పాటు కాక పడకలు ఖాళీ కావు. దాంతో అత్యవసర విభాగం కారిడార్లలో స్ట్రెచర్లు పేరుకుంటాయి. వెనక తలుపు తెరుచుకోకపోతే ముందు తలుపు దగ్గర క్యూ పెరుగుతుంది. క్యాజువాలిటీలో రద్దీ చూసి క్యాజువాలిటీనే పెద్దది కట్టడం రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడం అవుతుంది. డిశ్చార్జి చీటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి ఏఎన్‌ఎంకు అదే రోజు చేరే ఏర్పాటు ఉంటే డాక్టరుకు ఆ జంకు ఉండదు.

అదే బాణం మీద సూక్ష్మజీవులూ ప్రయాణిస్తాయి

రోగి ఒంటరిగా ప్రయాణించడు. మందులకు లొంగని బాక్టీరియా కూడా అతనితో పాటే ఒక వార్డు నుంచి మరో వార్డుకు చేరుతుంది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ దేశపు ఆసుపత్రుల మధ్య రోగుల కదలికలను నెట్‌వర్క్‌గా గీసి చూశారు. చిన్న ఆసుపత్రుల బాణాలన్నీ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల వైపు తిరిగి ఉన్నాయి. కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఎక్కడ మొదలైనా అక్కడికి త్వరగా చేరుతుంది, అక్కడి నుంచి మళ్లీ నలుదిక్కులా వెళుతుంది. నియంత్రణ ప్రయత్నం ముందు ఆ కూడళ్లలో బలంగా ఉండాలని వాళ్లు సూచించారు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలో జరిగిన పరిశోధన మరో సంగతి బయటపెట్టింది. ఒక ఆసుపత్రి నుంచి నేరుగా మరో ఆసుపత్రికి మారేవారిని మాత్రమే లెక్కిస్తే పటం సగంలో ఆగిపోతుంది. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లి, కొన్నాళ్లకు మరో ఆసుపత్రిలో చేరేవారు ఆసుపత్రులను ఇంకా గట్టిగా కలుపుతున్నారు. ఇల్లు కూడా పటంలో ఒక చుక్కే. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని ఊరికి వచ్చి, పుండు మానక జిల్లా ఆసుపత్రిలో చేరే రోగి మన దగ్గర కొత్త కాదు. ఏ ఆసుపత్రీ తన గోడల మధ్య ఒంటరిగా ఈ బాక్టీరియాను గెలవలేదు.

రోగుల పటంలో జిల్లా గీతలు ఉండవు

1973లో జాన్ వెన్‌బర్గ్, అలన్ గిటెల్సన్ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. ఏ పట్టణం వారు ఏ ఆసుపత్రికి వెళుతున్నారో చూసి, దాన్నిబట్టి ప్రాంతాలను విభజించారు. ఆ పద్ధతే పెరిగి పెద్దదై, 1996లో వచ్చిన డార్ట్‌మత్ అట్లాస్‌లో అమెరికా మొత్తాన్ని 306 రిఫరల్ ప్రాంతాలుగా గీసింది. అవి రాష్ట్రాల సరిహద్దులను పట్టించుకోలేదు, ఎందుకంటే రోగులు పట్టించుకోలేదు.

ఈ సత్యం తెలుగువారికి 2021 మేలో బాధతో అనుభవమైంది. కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న అంబులెన్సులు తెలంగాణ పెట్టిన ఆంక్షల వల్ల సరిహద్దులో ఆగిపోయాయి. ఆ ఆంక్షలపై తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చింది. దశాబ్దాలుగా కర్నూలు నుంచి, రాయలసీమ పల్లెల నుంచి హైదరాబాద్ ఆసుపత్రుల వైపు సాగిన దారులు 2014లో రాష్ట్రం విడిపోగానే చెరిగిపోలేదు. ఒక రాష్ట్రం తన ఆసుపత్రుల సామర్థ్యాన్ని తన జనాభా సంఖ్యతో మాత్రమే అంచనా వేసుకుంటే, అవతల నుంచి వచ్చే బాణాలు లెక్క తప్పిస్తాయి.

పటంలో పడని బాణాలు

ఇంతవరకు చెప్పిన బాణాలన్నీ ఎక్కడో ఒకచోట నమోదైనవే. రిఫరల్ రిజిస్టర్, 108 వాహనం నమోదు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చెల్లింపుల వివరాలు, ఇవే మనకు ఆధారాలు. ఆసుపత్రికే రానివారు వీటిలో ఎక్కడా ఉండరు. కాలువ తలదగ్గర వదిలిన నీటిని ఎంత కచ్చితంగా కొలిచినా, శివారు భూములకు చుక్క చేరిందో లేదో ఆ కొలత చెప్పదు.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలను గుర్తించారు. వైద్యం కోసం బయల్దేరాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. ఆసుపత్రి రికార్డుల్లోంచి గీసిన పటం మూడో ఆలస్యాన్ని బాగా చూపిస్తుంది, రెండోదాన్ని కొంత చూపిస్తుంది, మొదటిదాన్ని అసలు చూపించదు. మన్యంలో రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో మోసుకొస్తుండగా ఆగిపోయిన ప్రయాణం బాణం కాలేదు కాబట్టి పటంలో లేదు. పటాన్ని నమ్మి నిధులు పంచితే, అందరికంటే అవసరం ఉన్నవారికే అందరికంటే తక్కువ దక్కుతుంది.

దీనికి విరుగుడు ఉంది. ఏఎన్‌ఎం దగ్గర నమోదైన గర్భిణుల జాబితాను కాన్పుల జాబితాతో సరిచూస్తే, ఏ ఊరి నుంచి రావలసిన బాణాలు రాలేదో తెలుస్తుంది. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేసిన పని ఈ కోణంలో ఎంతో తెలివైనది. కొండ శిఖర గ్రామాల గర్భిణులను కాన్పు తేదీకి ముందే కిందికి తీసుకొచ్చి ఉంచడానికి వసతి గృహం ఏర్పాటు చేశారు. అర్ధరాత్రి వానలో గూడెం నుంచి ఆసుపత్రికి వచ్చే దారి నమ్మదగినది కాదు. ఆ దారి బాగుపడేదాకా ఆగకుండా, ప్రయాణం మొదలయ్యే చోటునే ఆసుపత్రి దగ్గరికి జరిపారు.

వేర్వేరు ఆసుపత్రుల రికార్డుల్లో ఉన్న ఒకే మనిషిని గుర్తుపట్టడం ఇన్నాళ్లూ కష్టంగా ఉండేది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఈ పనికి దారి తీయగలదు. అయితే ఒక మనిషి ఏ ఊరి నుంచి ఏ తేదీన ఏ విభాగానికి వెళ్లారో తెలిస్తే, పేరు లేకపోయినా ఆ ఊరివాళ్లకు మనిషి తెలిసిపోవచ్చు. హెచ్‌ఐవీ కేంద్రానికి వెళ్లిన దారి, గర్భస్రావం కోసం వెళ్లిన దారి బయటపడితే జీవితాలు చితికిపోతాయి. అందుకే సన్నటి బాణాలను విడివిడిగా చూపకుండా పక్క బాణాలతో కలిపేయాలి. రోగులకు మేలు చేయడానికి గీసే పటం రోగులకే ముప్పు కాకూడదు.

బాధ్యులు కావాలి

ప్రతి ఆసుపత్రికీ ఒక సూపరింటెండెంట్ ఉంటారు. ప్రతి వార్డుకూ ఒక హెడ్ నర్సు ఉంటారు. 108 వాహనానికి పైలట్, టెక్నీషియన్ ఉంటారు. ఒక ఆసుపత్రిలో రిఫర్ రాసిన క్షణానికీ మరో ఆసుపత్రిలో చేర్చుకున్న క్షణానికీ మధ్య ఉన్న దారికి మాత్రం బాధ్యులు ఎవరూ ఉండరు. రోగి దారిలో చనిపోతే పంపిన ఆసుపత్రి "మేం పంపేశాం" అంటుంది, చేర్చుకోవలసిన ఆసుపత్రి "మా దగ్గరికి రాలేదు" అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. లండన్ చేసింది ఈ ఖాళీని పూడ్చడం. పక్షవాతం రోగి ఎక్కడికి చేరాలో తేల్చి, చేర్చే బాధ్యత అంబులెన్సు సేవ మీద స్పష్టంగా పెట్టింది.

మనం కూడా దీన్ని చేయగలం. జిల్లాకు ఒక రిఫరల్ అధికారిని నియమించి, రాత్రీ పగలూ పలికే ఒక ఫోన్ నంబరు ఇవ్వవచ్చు. పంపే ముందు చేర్చుకునే ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడడం నియమం చేయవచ్చు. అవతల చేరినట్టు కబురు వచ్చేదాకా రోగిని పంపిన ఆసుపత్రి లెక్కలోనే ఉంచవచ్చు. వీటికి కావలసినది సిమెంటు కంటే సంకల్పం. ప్రతి నెలా కలెక్టరు సమీక్షలో ఎన్ని పడకలు నిండాయన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న రావాలి: మనం పంపిన వారిలో ఎంతమంది చేరారు, ఎంతసేపట్లో చేరారు, చేరనివారు ఏమయ్యారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అధికారి పేరు ప్రతి జిల్లాలో, ప్రతి పౌరుడికీ తెలిసి ఉండాలి.